మగ్గాల చప్పుడులో వయొలిన్

మంగళవారం రాత్రి, చీరాల

పక్కింటి పవర్‌లూమ్ మగ్గాలు ఆడుతుండగానే నాన్న ఈ రోజు వయొలిన్ తీశారు. కరెంటు పోయి మగ్గాలు ఆగితే తప్ప పెట్టె తెరవని మనిషి! మిగతా వేళల్లో చెవుల్లో దూదే. ఆయన భరించలేరనే అమ్మ మిక్సీని మూలన పెట్టి ఇన్నేళ్లూ రోట్లో రుబ్బింది. వీధిలో అందరూ పొగరనేవారు. తెనాలి డాక్టరుగారు మాత్రం, "పొగరు కాదమ్మా, ఆయనకి పుట్టుకతోనే చప్పుడు ఒంటికి గుచ్చుకుంటుంది" అన్నారు.

ఆ దూది ఈ రోజు లేదు. అమ్మ మురిసిపోయింది.

"చూశావా, మీ నాన్న ఇన్నాళ్లకి మామూలు మనిషయ్యారే!"

నాకు మాత్రం ఏదో తేడాగా వినిపించింది. ఒక తీగ శ్రుతి దిగిపోయి ఉంది. వింటుంటే నాకే పళ్లు జివ్వుమన్నాయి. ఆయనేమో కళ్లు మూసుకుని ఆ తీగ మీదే హాయిగా వాయించుకుంటున్నారు. మగ్గాల గోలలో తెలియలేదేమో అనుకున్నాను.

అంతలో కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. నాన్న కళ్లు తెరవలేదు. వెనక నిలబడి, "నాన్నా, శ్రుతి" అని గట్టిగానే అన్నాను.

కమాను ఆగలేదు.

నాన్న చెవుల సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదు. ఇందాకే మిక్సీ దుమ్ము తుడిచి వంటింటి గట్టు మీద పెట్టుకుంది. రేపు పచ్చడి అందులోనేనట.