వెండి పట్టీ కింద

యూసుఫ్ భాయ్,

నువ్వు పోయిన ఏడాదికి నీ మాటే నెగ్గింది. నేను అపురూపంగా దాచుకున్న పాత పొగాకు పైపు ఇంగ్లండుది కాదు, ఫ్రాన్సుదే. "ఆ వెండి పట్టీ జర తీసి చూడు భాయ్, కింద ముద్ర ఉంటది" అని చూసినప్పుడల్లా అనేవాడివి. చెక్క పగులుతుందని నేను తియ్యనివ్వలేదు. ఈ ఎండలకు పట్టీ దానంతటదే వదులై ఊడింది. కింద ఫ్రెంచి ఊరి పేరు చెక్కి ఉంది.

ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్ల పంతం తేలిన రోజున ఎదురుగా నువ్వు లేకపోతే ఎలా? శంషాబాద్ నుంచి మామిడిపల్లిలో మీ ఇంటిదాకా ఆ కోపంతోనే వచ్చి, పైపు భాభీ చేతిలో పెట్టాను.

ఆమె ముద్ర చూసి నవ్వింది. "ఆయన ఉంటే ఇయ్యాల మీ ఇజ్జత్ తీసేటోడు అన్నా."

తీయించుకుందామనే కదా, అంత దూరం వచ్చింది!