తాళం ఎవరికిచ్చావు

అక్టోబరు 9, బుధవారం

చిరంజీవి చిన్నోడికి,

పెద్దక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం ఆరోగ్యంగానే ఉన్నాం. క్షేమం అని రాయబోతే చేయి ఆగింది.

ఆ గురువారం ఉదయం మాటిమాటికీ గుర్తొస్తోంది. నేను ప్రార్థన ముగించి లేచేసరికి నువ్వు మా వంటగదిలో కుర్చీ ఎక్కి, నోట్లో స్క్రూ పెట్టుకుని అలమర తలుపు బిగిస్తున్నావు. మీ బావ తయారయ్యేదాకా ఆగమంటే, ఆగిన కాసేపైనా నీ చేయి ఊరుకోలేదు. అప్పుడే నీ భార్య ఫోన్ చేసి, లోకంలో తలుపులన్నీ అయ్యాక మనింటి కుళాయి సంగతి చూస్తారేమో అడగండి వదినా, అంది. స్క్రూ తీయకుండానే నవ్వావు. తర్వాత ఒకే స్కూటర్ మీద బయల్దేరారు. మేనేజరుగారి ఇస్త్రీ చొక్కా ముందు, లిఫ్టు మెకానిక్కు గ్రీజు చొక్కా వెనక.

మీ బావ చూసుకునే ఆ కొట్ల భవనానికి వెళ్ళగానే, మూడో అంతస్తు తలుపు సరిగా పడటం లేదని లిఫ్టు ఆపి, మోటారు గదికి తాళం వేశావట. మధ్యాహ్నానికి అది మళ్ళీ నడిచింది. తలుపు తెరుచుకుంది, వెనకాల లిఫ్టు లేదు. తుడిచే ఆమె బకెట్టుతో సహా ఆ గోతిలోకి అడుగు వేసింది.

రోజూ ముందు ఆమె కోసం ప్రార్థించి, తర్వాతే నీ కోసం. ఏమీ అనుకోకు.

లాయరు వద్దని, ఎంత శిక్ష వేసినా పడతానని నడిపివాడితో చెప్పి పంపావు. దాంతో ఇంట్లో ఎవరి మాట వాళ్ళదే. లాయరును పెట్టుకుంటే తప్పు చేసినట్టే కదా, నలుగురూ ఏమనుకుంటారు, అన్నాడు నడిపివాడు. ఆ నలుగురూ వచ్చి జైల్లో కూర్చుంటారా బావగారూ, అని అడిగింది నీ భార్య. అమ్మేమో, వాడు నిజం చెబితే చాలు, మిగతాది దేవుడు చూసుకుంటాడంది. నా భయం అదే అత్తయ్యా, ఆయన తనది కానిది కూడా నెత్తిన వేసుకుంటారు, అంది నీ భార్య. లాయర్లు వస్తే లేనిపోనివన్నీ తవ్వుతారు, వాడు వద్దన్నాక వదిలేద్దాం, అన్నారు మీ బావ.

చివరి మాట ఎప్పటిలాగే నాకు వదిలేశారు. నాకూ తేలలేదు. లాయరంటే అబద్ధం నేర్పే మనిషి అనే నా మనసులో ఉండేది. అందుకే నిన్న ఒక్కదాన్నే వెళ్ళి ఒకావిడను కలిశాను. దర్జీ కొట్టు మీద చిన్న గది. కింద మిషన్లు ఆడుతుంటే బల్ల మీద గ్లాసు కదులుతోంది. మా వాడి చేత అబద్ధం ఆడిస్తారా, అని ఒక్కటే అడిగాను. ఆవిడ కళ్ళజోడు తీసి, చేసింది చేయలేదని చెప్పించను, చేయనిది చేశానంటే చెప్పనివ్వను, అంది. ఆ తర్వాత ఆవిడ వంతు. ఆపిన లిఫ్టు బాగయ్యేదాకా ఆ గది తాళం మెకానిక్ దగ్గరే ఉండాలట కదా, మరి ఎవరికిచ్చాడు, అంది. పోలీసులు ఎన్నిసార్లు అడిగినా, తాళం బాధ్యత నాదే అని తప్ప నువ్వింకేమీ చెప్పలేదట.

ఈ సాయంత్రం ఆ ప్రశ్నను అందరి ముందూ పెట్టాను. ఇక నా మాట చెప్పాను. వాడి తప్పు ఎంతో అంతే వాడు మోయాలి, అది తేల్చడానికి తెలిసిన మనిషి కావాలి, దేవుణ్ణి నమ్మడమంటే చేతులు కట్టుకు కూర్చోవడం కాదు, అన్నాను. నడిపివాడు తలూపాడు. అమ్మ కళ్ళు మూసుకుని సరేనంది. లాయరమ్మనే పెట్టాలని తీర్మానించాం. రేపు కాగితాలతో నీ దగ్గరికి వస్తుంది. సంతకం పెట్టు.

ఆశీస్సులతో,
పెద్దక్క

మరో మాట. ఉత్తరం మడిచేలోగా మీ బావ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. తాళం నాకే ఇచ్చాడు, బావ అడిగితే కాదంటాడా, అన్నారు. కొట్లవాళ్ళ గోల పడలేక లిఫ్టు నడిపించింది తానేనన్నారు. నువ్వు లాయరును ఎందుకు వద్దన్నావో ఇప్పుడు తెలిసింది. నా కాపురం గురించి ఆలోచించావు. ఇక ఆలోచించకు. ఈ కాగితం జైలువాళ్ళు చదివాకే నీకిస్తారు. చదవనీ. పోలీసులకు ఉన్నదున్నట్టు చెబుతానని ఆయన నాకు మాటిచ్చారు. ఆయనకూ ఒక లాయరును వెతకాలి. ఫోన్ చేసి అడిగితే, ఇద్దరి తరఫునా ఒకరే నిలబడకూడదంది మన లాయరమ్మ. మీ ఇద్దరి కోసం ప్రార్థించడానికి మాత్రం నేనొక్కదాన్నే.