తీగా, గొడుగా

ఎమ్మిగనూరు, 1988 ఫిబ్రవరి 1, సోమవారం

శ్రీపాదరావు పంతులుగారికి ఇమాం సాబ్ సలాములు. ముందుగా క్షమించాలి. నా రాత బాగుండదు. మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఎద్దుల కొమ్ములకు రంగు వేసిన చేయి ఇది, కలానికి అలవాటు లేదు. ఒత్తులు కొన్నిచోట్ల రెండేసి పడ్డాయి, కొన్నిచోట్ల పడనే లేదు. మీరే దిద్దుకోండి. మంత్రాలయం వెళ్ళిపోతూ ఈ డైరీ ఇచ్చి, నోటితో చెప్పలేనిది ఇందులో రాసి నాకు పంపు అన్నారు. ఈ రోజు మొదలుపెట్టాను.

విషయం టీవీ. ఆదోనిలో పాతది ఒకటి కొని తెచ్చాను. జొన్నల పెట్టె మీద పెట్టాం. మా ఆమె మహమూదా బీ దాని మీద పూలగుడ్డ కప్పింది. గుడ్డ బాగుంది. బొమ్మ మాత్రం రాదు. ఊరికే గుర్రుమంటుంది.

మామూలు యాంటెన్నాకు ఇక్కడ అందదు. బొమ్మ రావాలంటే దారులు రెండు. ఒకటి తీగ. కుర్రాడు బజారి తన వీడియో కొట్టు నుంచి మిద్దెల మీదుగా తీగ లాగి ఇస్తాడు. రెండోది గొడుగు. ఇనుప వలతో చేసిన పెద్ద గొడుగును వెల్లకిలా మిద్దె మీద పెడితే, పైన తిరిగే ఉపగ్రహం నుంచి బొమ్మ నేరుగా మన ఇంట్లో దిగుతుంది. అది చేసేది యూసుఫ్ సాబ్ అల్లుడు మహమ్మద్ అలీ.

నిన్న మహమూదా బీ నూనె అంగడి దేవేంద్రప్ప ఇంటికి టీవీలో ఆదివారం తొమ్మిది గంటల సీరియల్ చూడ్డానికి పోయింది. ఇల్లంతా జనం. గడప దగ్గర చోటు దొరికింది. ఎవరో వచ్చి, "కొంచెం జరుగు బీ, సెప్పులు పెట్టుకోవాల" అన్నారట. ఇది పక్కింటి వీరమ్మ చెబితే తెలిసింది. మా ఆమె రాత్రి రొట్టెలు గట్టిగా తట్టింది.

కాబట్టి నిర్ణయం. వచ్చే ఆదివారం లోపల తీగో గొడుగో నేనే తేలుస్తాను. ఎవరినీ అడగను. నోరు తెరిచి నేనే చెబుతాను.

ఫిబ్రవరి 2, మంగళవారం

పొద్దున్నే బయలుదేరాను. ఉత్సాహంగా ఉంది. బజారి కొట్టు ఎదురుగా నిలబడి అద్దంలోంచి టీవీ చూశాను. తరువాత జిన్నింగు మిల్లు దగ్గరికి పోయి, వాళ్ళ మిద్దె మీది గొడుగు చూశాను. ఎద్దును చూసినట్టే, చుట్టూ తిరిగి. పళ్ళు లేవు కాబట్టి వయసు తెలియలేదు.

తీగ: సినిమాలు వస్తాయి. మిద్దెకు బరువు లేదు. కానీ కోతులు తెంపుతాయి.
గొడుగు: ఎవరి కొట్టుతోనూ పని లేదు. గాలికి తిరిగిపోతుందట. కాకులు కూర్చుంటాయి.

రెండూ బాగానే ఉన్నాయి. అదే చిక్కు. ఇంకా చాలా రోజులున్నాయి.

ఫిబ్రవరి 4, గురువారం

తప్పు జరిగింది.

మీకు తెలిసిందే, నలభై ఏళ్ళు ఎద్దుల సంతలో దళారి పని చేశాను. సిగ్గరికి ఆ పని ఎట్లా కుదిరిందని మీరు నవ్వేవారు. మా పనిలో నోటితో అవసరం లేదు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటాం. చివర్లో అరచేయి గట్టిగా నొక్కితే బేరం ఖాయం. ఆ తరువాత వెనక్కి పోయేవాడు సంతలో మనిషే కాదు.

బజారి వచ్చాడు. "తాతా, తీగ ఏసుకో. మీసంలో ఎంటికలు లెక్కబెట్టుకోవచ్చు, అంత సక్కగా కనపడతాది."

నేను భుజం మీది తువ్వాలు సర్దుకున్నాను.

"ఏంది తాతా, అవునంటావా, కాదంటావా?"

ఆలోచిస్తున్నాను. అతను నా భుజం మీది తువ్వాలు లాగి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు. "మా నాయన నీ కాడనే గదా ఎద్దులు కొన్నది. ఇట్లయితే మాట్లాడతావులే."

ధర నొక్కాడు. అన్యాయమైన ధర. చేయి ఊరుకోలేదు. తగ్గించింది. అతను కొంచెం పెంచాడు. నేను ఇంకా తగ్గించాను. బ్రహ్మాండంగా కుదిరింది. సంతోషం పట్టలేక అరచేయి నొక్కాను.

నొక్కిన తరువాత గుర్తొచ్చింది, నేను ఇంకా తేల్చుకోలేదని.

"అబ్బ, నీకు నోరు లేకున్నా ఏళ్ళు మా పదునుగా ఉండాయి" అని బజారి నవ్వుకుంటూ పోయాడు.

సరే. తీగ కూడా మంచిదే. నిర్ణయం అయిపోయినట్టే లెక్క.

ఫిబ్రవరి 5, శుక్రవారం

నిర్ణయం ఇంకొకటి అయింది.

జుమ్మా నమాజు తరువాత యూసుఫ్ సాబ్ మసీదు మెట్ల మీద పట్టుకున్నాడు. సంతలో నా తోటి దళారి. ఇద్దరం ఒకే బండి నీడలో సద్ది తిన్నవాళ్ళం.

"ఇమాం భాయ్, తీగ మాట మరిసిపో. బజారి కొట్టు మూస్తే నీ ఇంట్లో బొమ్మ సచ్చిపోతాది. గొడుగు అట్ల కాదు, పైనించి నేరుగా వస్తాది. ముక్కు మీద సెమట కూడా కనపడతాది."

తీగకు ఖాయం చేశానని చెప్పాలి. మాటలు లోపల పేర్చుకుంటున్నాను. మొదటి మాట దొరికింది, రెండోది దొరకలేదు. ఈలోగా తువ్వాలు కప్పేశాడు. ఎప్పుడు కప్పాడో చూడనేలేదు. అంత నేర్పరి.

ధర బాగా తగ్గించాను. అది మాత్రం చెప్పుకోవాలి.

ఫిబ్రవరి 7, ఆదివారం

మహమూదా బీ గోనెపట్ట మడిచి చంకలో పెట్టుకుని దేవేంద్రప్ప ఇంటికి పోయింది. గడప దగ్గర నేల చల్లగా ఉంటుందట.

పోయేముందు టీవీ మీది గుడ్డ సర్దింది. నా వైపు చూసింది. నేను చెప్పులు తుడుచుకున్నాను.

పైన 'వచ్చే ఆదివారం లోపల' అని రాశాను. ఈ రోజు వచ్చేసిన ఆదివారం. వచ్చే ఆదివారం ఇంకా రాలేదు. నిర్ణయం చెడలేదు.

ఫిబ్రవరి 9, మంగళవారం

బజారికి వద్దని చెప్పడానికి పోయాను. 'వద్దప్పా' అని దారంతా అనుకుంటూ నడిచాను. కొట్టులో కూర్చోబెట్టి సోడా ఇచ్చాడు. నా ముఖం చూసి, "తొందర పడతాండావా తాతా? శనివారం పొద్దునే వస్తా" అన్నాడు. తల ఊపాను. సోడా బాగుంది.

ఫిబ్రవరి 11, గురువారం

అయితే గొడుగైనా వద్దని చెప్పాలి. యూసుఫ్ సాబ్ ఇంటికి పోయాను. వాళ్ళ ఆమె జమ్రుద్‌బీ ఖీర్ పెట్టింది. ఖీర్ తిని వద్దని ఎట్లా చెప్పడం? తిరిగి వచ్చేటప్పుడు ఇనుప వల చుట్ట నా నెత్తి మీదే ఉంది. బండి దొరకలేదని మహమ్మద్ అలీ ఎత్తించాడు.

మహమూదా బీ వల చూసి అడిగింది. "ఏమి రజియా నాయనా, కోళ్ళు సాకుతావా?"

రజియా మా కూతురు, దేవనకొండలో కాపురం. ఇక్కడ ఉండి ఉంటే దాన్ని అడిగేవాణ్ణి. కానీ ఎవరినీ అడగకూడదు.

ఫిబ్రవరి 13, శనివారం

రెండూ వచ్చాయి.

తూర్పు నుంచి తీగ. నడి మిద్దె మీద గొడుగు. మిరపకాయలు ఆరబెట్టే చోటు పోయింది. మిద్దె మీద బజారి, మహమ్మద్ అలీ ఎదురుపడ్డారు.

"నువ్వెందుకొచ్చినావన్నా?"

"ఇమాం మామతో బేరమయింది. నువ్వెందుకొచ్చినావు?"

"నాకూ అయింది."

ఇద్దరూ కిందికి వంగి నన్ను చూశారు. నేను జొన్నల పెట్టె తుడుస్తున్నాను.

టీవీ వెనుక గుచ్చే రంధ్రం ఒకటే ఉంది. ఇది నేను ముందే చూడవలసింది. వీరమ్మ వచ్చి చూసి, "ఒక పెట్టెకు ఇద్దురు మొగుళ్ళా సామీ" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పొద్దున్నే వస్తాం, ఏదో ఒకటి చెప్పు అని ఇద్దరూ పోయారు.

రేపు తప్పకుండా చెబుతాను.

ఫిబ్రవరి 14, ఆదివారం

తొమ్మిదికి ముందే వచ్చారు. ఒకరి చేతిలో తీగ కొస, ఇంకొకరి చేతిలో గొడుగు వైరు కొస. మహమూదా బీ టీవీ మీది గుడ్డ తీసి మడిచింది. తల దువ్వుకుని ఉంది. ఈ వారం గోనెపట్ట బయటికి తీయలేదు.

"తాతా, సెప్పు. ఒక్క మాట. ఏది గుచ్చాల?"

"మామా, మీరు ఏది సెప్పినా మేమేమీ అనుకోము."

అనుకుంటారు. తీగ అంటే యూసుఫ్ సాబ్ ముఖం ఎట్లా చూడడం? గొడుగు అంటే బజారి వాళ్ళ నాయన నన్ను నమ్మి కొన్న ఎద్దులన్నీ అబద్ధమైపోతాయి. చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాను. అవి నా మాట వినవు. గోడ గడియారం కొట్టింది. మహమూదా బీ నన్నే చూస్తోంది.

నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను.

"టీ తాగి పొండప్పా" అన్నాను.

తాగారు. వైర్లు కింద పడేసి పోయారు. ఇద్దరికీ కోపమే.

నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఆమె ఏదైనా అంటే బాగుండును. లేచి స్విచ్చి వేసింది. గుర్రుమని చప్పుడు, తెర నిండా తెల్ల చుక్కలు. మంచం ఎదురుగా లాక్కుని దాని మీద కూర్చుంది. కొంతసేపటికి వీరమ్మ వచ్చింది.

"ఏం సూస్తాండావు బీ? బొమ్మ యాడ?"

"వాన సూస్తాండా. మూడేండ్లుగా మన సేన్లలో పడని వానంతా ఈడనే పడతాండాది."

"నూనంగడోళ్ళింటికి రావా? మొదలయిపోయింది."

"రానులే. నువ్వూ కూసో. కాళ్ళు సాపుకో. ఈడ సెప్పుల వాసన లేదు."

వీరమ్మ కూర్చుంది. ఇద్దరూ కాళ్ళు చాపుకుని గంటసేపు వాన చూశారు.

ఫిబ్రవరి 15, సోమవారం

రొట్టె పెడుతూ మహమూదా బీ అడిగింది. "వచ్చే ఆదివారానికి బొమ్మ వస్తాదా?"

బొమ్మ గురించి ఆమె నన్ను అడగడం ఇదే మొదలు. తల ఊపాను.

కాబట్టి ఈ రోజు నుంచి మళ్ళీ నిర్ణయం. ఇది గట్టిది. ఆదివారం లోపల తీగో గొడుగో నేనే తేలుస్తాను. నోరు తెరిచి నేనే చెబుతాను. వద్దనుకున్నవాళ్ళకు కూడా నేనే పోయి చెబుతాను. ఎవరినీ అడగను.

ఈ కాగితాలు మంత్రాలయం బస్సులో పంపిస్తున్నాను. మీ ఇంట్లో ఇందిరాబాయి అమ్మగారు టీవీ చూస్తారని విన్నాను. మీది తీగా, గొడుగా? ఇది అడగడం కాదు, ఊరికే తెలుసుకోవడం. జాబు పెద్దగా రాయనక్కరలేదు, ఒక్క మాట చాలు. కానీ శనివారం లోపల అందేటట్టు రాయండి పంతులుగారూ.