స్కైలాబ్ వాళ్ల గ్రహణం

బెజవాడ, 20-8-73

అమ్మా, నేనూ కడుపులోదీ కులాసా. ఆరో నెలైనా రోజూ బడికెళ్లి పాఠాలు చెబుతున్నాను, చెబుతాను కూడా.

ఆకాశంలో తిరిగే స్కైలాబ్ నౌకలో వాళ్లు సూర్యుణ్ణి బిళ్లతో కప్పి రోజూ గ్రహణం పట్టిస్తున్నారనీ, చుట్టూ కిరీటంలా ఎగసే వెలుగు గంటగంటకూ ఎలా మారుతోందో చూస్తున్నారనీ పోయిన కార్డులో రాశాను గదా. అది చదివి, నిజం గ్రహణమేననుకుని నువ్వు నాకోసం పస్తులుంటున్నావని బాబాయి చెప్పాడు. ఇక్కడ ఇంటిగలావిడ రత్తమ్మగారూ అంతే. "పట్టు సరే, విడుపెప్పుడు?" అంటూ నిన్న ఆదివారం నన్ను గుమ్మం దాటనివ్వలేదు. ఆ బిళ్ల వాళ్ల దుర్భిణీకే అడ్డం, మనకు కాదన్నాను. "అయితే విడుపు స్నానం వాళ్లే చేస్తార్లే, నువ్వు తిను" అని పప్పన్నం వడ్డించింది.

గేదె ఈనిందా? కంకిపాడు నుంచి ఎవరైనా వస్తుంటే గోంగూర పచ్చడి పంపు. నాన్నగారికి నమస్కారాలు. ఈ కార్డు కింద పెట్టి, లేచి అన్నం తిను.

నీ హైమ