మునసబు ఇంటికెదురుగా వసారా

మార్కాపురం, శనివారం

మేస్త్రీకి ఈరోజు మళ్ళీ గట్టిగా చెప్పాను, కొత్తింటి ముందు వసారాకు గోడ వద్దని. నట్టింటి నుంచి వీధి దాకా అంతా తెరిచే ఉండాలి. ఎదురింటి మునసబు వాకిట్లో మా నాయన ఏళ్ళ తరబడి ఎండలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇక నాయన పడక కుర్చీలో కూర్చుంటే, ఆ మునసబు రోజూ చూడాలి.

సాయంత్రం మునసబే వచ్చాడు.

"ఏంది టీచరమ్మా, ఆడోళ్ళుండే ఇల్లు ఇట్ల బయలుగా కడతా ఉండావు? అడ్డం గోడ పెట్టుకోరాదా?"

"మీకు కనపడాలనే పెట్టలేదు."

ఆయన ముఖం మాడిపోయింది. ఎంత హాయిగా అనిపించిందో!

వెనక్కి తిరిగితే, నాయన వసారాలో అప్పుడే వేసిన పడక కుర్చీలోంచి లేచి, తలగుడ్డ తీసి నిలబడి ఉన్నాడు.

"కూచో నాయనా."

"ఆయన పోయినాక కూచుంటాలే అమ్మా."

నాకు ఏడుపొచ్చింది. అయినా గోడ కట్టను. రేపు ఆ కుర్చీని ఇంకాస్త వీధివైపు జరుపుతాను.