హారతి పళ్ళెం కేసు

నవంబర్ 8

మేడ మీద ఆరేసిన చున్నీ నిండా సిల్తారా ఫ్యాక్టరీల నుంచి వచ్చిన నల్లటి నుసి. దులుపుతూ అక్కడే కూర్చుండిపోయాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూస్తున్నది మాత్రం నిన్నటి మా తెలుగు కాలనీ వీధి. పక్కింటి రవణమ్మ పిన్ని ఎత్తిన హారతి పళ్ళెం. అందులో మల్లెమొగ్గంత మంట. ఓట్లడగడానికి వచ్చిన మా అభ్యర్థి దీదీ తల వంచడం... తలమీది కొంగు ఆ మంట వైపు మెల్లగా, మెల్లగా జారడం... అంచు అంటుకోవడం. నా చెయ్యి లేవడం. పళ్ళెం ఎగరడం. చప్పుడేదీ గుర్తు లేదు. అంతా నీళ్ళ అడుగున జరిగినట్టుంది.

పిన్ని మణికట్టు పట్టుకుని కూలబడింది. అది మాత్రం బాగా గుర్తుంది.

నవంబర్ 9

ప్రసాద్ పోలీసు కంప్లైంట్ ఇచ్చాడట. పిన్ని కొడుకు. చిన్నప్పుడు నా వీపెక్కి ఊరేగినవాడు, ఇప్పుడు అవతలి పార్టీ జెండా మోస్తున్నాడు. దీదీ వెంట తిరిగే మనిషి మా అమ్మని కొట్టింది అని రాశాడు. మార్‌పీట్ కేసు, అంటే కొట్టిన కేసు. ఆ మనిషిని నేనే.

ఎవరో ఫోన్లో తీసిన వీడియో ఇంటింటికీ తిరుగుతోంది. వెనక నుంచి తీశారు. దీదీ వీపు, నా చెయ్యి, పిన్ని పడిపోవడం. మంట లేదు, కొంగు లేదు. చూస్తుంటే నాకే నా మీద ఒళ్ళు మండింది.

నవంబర్ 10

మన ఇళ్ళల్లో హారతి ఇస్తే నిటారుగా నిలబడతాం. మంట మొహమెత్తున తిరుగుతుంది, తర్వాత కళ్ళకద్దుకుంటాం. తలమీద కొంగు ఉండదు కాబట్టి బెంగ లేదు. దీదీ వాళ్ళు, ఈ ఊరి హిందీ ఆడవాళ్ళు, అలా కాదు. పళ్ళెం కనపడితే చాలు, బొట్టు పెడతారని కొంగు కప్పిన తల వంచుతారు. పిన్నికి వాళ్ళ పద్ధతి తెలీదు, దీదీకి మన పద్ధతి తెలీదు. రెండూ తెలిసినదాన్ని నేను. తెలుగిళ్ళకి తీసుకెళ్ళమనే కదా నన్ను పెట్టుకున్నారు... దండలు మోస్తూ ఏ లోకంలో ఉన్నానో.

నవంబర్ 12

స్టేషన్లో సంతకం, బెయిలు. సాయంత్రం తెలీబంధాలో వకీలు గారి ఆఫీసు. పెద్దాయన, మాట నెమ్మది. కిటికీలోంచి చెరువు. లైట్లు అప్పుడే వెలిగి నీళ్ళలో వణుకుతున్నాయి. ఆయన చట్టం చెబుతుంటే నా చూపు అటే పోతోంది.

చెయ్యే తగల్లేదందామంటే వీడియో ఉంది. గుంపు తోసేసిందందామంటే, అదే వీడియోలో నా వెనక పిట్ట కూడా లేదు. బుద్ధున్న మనిషెవరూ ఫిర్యాదు చెయ్యనంత చిన్న దెబ్బని చట్టం లెక్కలోకి తీసుకోదట. ఆ మాట నాకు నచ్చింది. చట్టానికి కూడా కాస్త ఇంగితం ఉందన్నమాట.

ఆఖర్న ఇంకొకటి. పక్కమనిషికి ప్రాణాపాయం వచ్చినప్పుడు కాపాడటానికి చెయ్యెత్తితే నేరం కాదు, అవసరానికి మించి కొట్టకపోతే. "బస్, ఆగ్ దిఖానీ పడేగీ" అన్నారు. మంట చూపించాలి. అంతే.

మంట... నాకు కళ్ళు మూసినా కనిపిస్తోంది. దాన్ని కోర్టుకి ఎలా పట్టుకెళ్ళను?

నవంబర్ 14

ఎక్స్‌రేలో పిన్ని మణికట్టు ఎముక చిట్లిందని తేలింది. చిన్న దెబ్బ దారి మూసుకుపోయింది. సెక్షన్ మారింది, పడే శిక్షా పెరిగింది. స్కూల్లో నాకు రావాల్సిన టీచర్ ఉద్యోగం పోలీసు వెరిఫికేషన్ దగ్గర ఆగి ఉంది. నేరం రుజువైతే అదీ పోయినట్టే.

అమ్మ చారులో పోపు వేస్తూనే, ఊరివాళ్ళ కొంగుల గోల నీకెందుకే అంది. నిజమే. కాలితే కాలుతుందిలే అని నిలబడాల్సింది. కాని ఆ క్షణాన ఆలోచించింది నేను కాదు, నా చెయ్యి.

నవంబర్ 15

వకీలు గారు కాలిన చీర తెమ్మన్నారు. అంచు మాడింది కదా, అదే సాక్ష్యం అన్నారు.

ఆ చీర ఖారున్ నదిలో ఉంది.

ఆ రోజే, కంప్లైంటు మాట ఇంకా ఎవరికీ తెలియకముందే, దీదీ చీర మార్చుకుని, కాలినది ఇంట్లో ఉంచకూడదు, నదిలో వదిలేసి రా అని నా చేతికిచ్చింది. మా అమ్మయినా అదే చెప్పేది. మహాదేవ్ ఘాట్‌కి వెళ్ళి, పసుపు కుంకుమ వేసి, దణ్ణం పెట్టి మరీ వదిలాను. ఆకుపచ్చ చీర. నీళ్ళ మీద కాసేపు పరుచుకుని, నిద్రపోతున్నట్టు ఒత్తిగిల్లి, మునిగిపోయింది. ఎంత బాగుందో అనుకుంటూ చూశాను కూడా.

వకీలు గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "బేటీ, ఆప్‌నే అప్నా గవాహ్ డుబో దియా." నా సాక్షిని నేనే ముంచానట. చెరువు వైపు చూశాను.

నవంబర్ 17

గుంపు దూరంగా ఉండిపోయింది, మంట చూసే వీలున్నది దీదీకే. ఆవిడ ఇంటికి వెళ్ళాను. మంట సంగతి ఒక్క ముక్క చెప్పండి చాలు అన్నాను. నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. మెత్తటి చేతులు, గంధం వాసన. "కౌన్ సీ ఆగ్, సుగుణా?"

ఏ మంట అంటోంది. కళ్ళలోకి చూసి, అంత ప్రేమగా.

అర్థమైంది. పోలింగు ముందు హారతి కొంగుకి అంటుకుందని తెలిస్తే ఊరంతా అపశకునం అంటుంది. ఆవిడ కోసమే కదా చెయ్యెత్తాను. కోపం ఇప్పుడొస్తోంది, ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుంటే.

పోలింగు రోజు

ఓటు వేశాను. ఎవరికో ఇక్కడ కూడా రాయను.

డిసెంబర్ 12

దీదీ ఓడిపోయింది. ఇప్పుడైనా చెబుతుందని ఆశపడి ఫోన్ చేశాను. వచ్చేసారి మళ్ళీ నిలబడాలట. పెట్టేసింది.

అమ్మ చెప్పేదాకా నాకు తట్టని సంగతి ఒకటుంది. నేనిప్పుడు మంట మాట బయటపెడితే, ఆవిడ ఓడింది రవణమ్మ హారతి వల్లే అంటారట కాలనీలో. "ఊరుకున్నంత ఉత్తమం నేదు, గుంటా" అంది. బోడిగుండంత సుఖం లేదు అన్నాను నేను, సామెత పూర్తి చేస్తూ. వెళ్ళి గొరిగించుకో అంది.

జనవరి 20

ప్రసాద్ డ్యూటీకి వెళ్ళడం చూసి పిన్ని ఇంటికి వెళ్ళాను. చేతికింకా కట్టు. అలవాటుగా నన్ను జడ వేయమంది. జుట్టు బాగా పల్చబడింది. దువ్వుతూ ఉంటే, గోడవైపు చూస్తూ అంది:

"నాను సూసినాను, గుంటా. కొంగుకి అంటుకుంది."

దువ్వెన ఆగిపోయింది.

"మరి చెప్పొచ్చు కదా, పిన్నీ."

"సెప్తే నా సేతికి ఇంకెవులు పల్లెం ఇత్తారే?"

కాలనీలో పెళ్ళయినా, సీమంతమైనా, కొత్త ఇంట్లో పాలు పొంగించినా, మొదటి హారతి పిన్నిదే. ఆ చెయ్యి మంచిదని పేరు. నాకు పుష్పవతి పేరంటంలో హారతి పట్టింది కూడా ఆ చెయ్యే. ముత్తైదువ కొంగుకి నిప్పు పెట్టిన చెయ్యి అనిపించుకోవడం కంటే, దెబ్బ తిన్న చెయ్యి అనిపించుకోవడమే నయం ఆవిడకి. ఒళ్ళు మండింది. జాలీ వేసింది. రెండూ ఒకేసారి. జడ చివర రబ్బరుబ్యాండు వేసి వచ్చేశాను. చెప్పమని మళ్ళీ అడగలేదు. అడగను కూడా.

ఫిబ్రవరి 6

రాజీ కుదురుతుందని కబురు. పిన్ని ఒప్పుకుంటే కోర్టు సరే అంటుందట. ప్రసాద్ ఒకటే షరతు పెట్టాడు: కోపంలో కొట్టాను, క్షమించండి అని కాలనీలో అందరి ముందూ అనాలి.

క్షమించమని వందసార్లు అంటాను. కాలు కూడా పట్టుకుంటాను, పిన్నిదే కదా. కోపంలో కొట్టాను అని మాత్రం అనను. ఆ చేతిని కోపంతో ఎలా కొడతాను? వకీలు గారు, మొండిదానివి అన్నారు. అవును.

ఫిబ్రవరి 7

కల. ఖారున్ అడుగున ఆకుపచ్చ చీర ఆరేసి ఉంది. అంచున మంట, నీళ్ళలో కూడా ఆరలేదు. పిన్ని దాని చుట్టూ హారతి పాట పాడుతోంది.

జూలై 21

చాలా నెలలు ఈ డైరీ ముట్టలేదు. రాయడానికి వాయిదాలు తప్ప ఏమున్నాయి?

రేపు పిన్ని సాక్ష్యం. మా ఇద్దరి వంటింటి కిటికీలూ ఎదురెదురు. సాయంత్రం తను పోపు వేసిన వాసన వచ్చింది. నేనూ వేశాను.

జూలై 22

కోర్టు వరండా. లంచ్‌కి ఆపారు. బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

పొద్దున ప్రసాద్ బండి పెట్టడానికి వెళ్ళినప్పుడు పిన్ని నా పక్కకొచ్చింది. కట్టు ఎప్పుడో విప్పేశారు, మణికట్టు కాస్త వంకరగా అతుక్కుంది. ఆ చేత్తోనే గుప్పిట మూసి నా మొహం చుట్టూ తిప్పి దిష్టి తీసింది. ఏటే ఇలగ సిక్కిపోనావు అంది. కేసు మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తర్వాత బంట్రోతు "రవణమ్మ హాజిర్ హో" అని కేకేశాడు. నేను ముద్దాయిల కటకటాల వెనక నిలబడ్డాను. పిన్ని అవతలి బోనెక్కింది. ఎక్కి, భుజం మీది కొంగు తీసి తలమీద కప్పుకుంది.

పుట్టి బుద్ధెరిగాక పిన్ని తలమీద కొంగు చూడలేదు. పెళ్ళిలో లేదు, గుళ్ళో లేదు. మా వకీలు గారు కూడా చేతిలో పెన్ను ఆపేసి చూశారు. సర్కారు వకీలు పేరు, ఇల్లు, నేనేమవుతానో అడిగారు. కూతురు లాంటిది అంది. ఆ రోజు ఏం జరిగింది అని అడగబోతుండగా జడ్జి గారు గడియారం చూసి లేచారు.

ఈ ఊరి ఆడవాళ్ళలా కోర్టుకి మర్యాద చేసిందా... లేక తల వంచితే కొంగు ఎక్కడికి జారుతుందో చూపిద్దామనా...

ఎదుటి బెంచీ మీద కూర్చుంది. ప్రసాద్ సమోసా ఇస్తే వద్దంది. ఎండగా ఉంది, గాలి లేదు, ఉక్కపోస్తోంది. చెమట చెంపల మీదుగా కారుతోంది. ప్రసాద్ ఆ కొంగు తీసెయ్యమంటున్నాడు, వినపడుతోంది.

బెల్లు కొట్టారు. పిన్ని లేచింది. కొంగు ఇంకా తలమీదే ఉంది.