ఆ ఒక్క పేరు

జనగామ,
మాఘ మాసం, 1978

అవ్వకు,

శకుంతల దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం వేళకు తిని, పడుకుని, బాగానే ఉన్నాం. బాపుకు మోకాళ్ల నొప్పి తగ్గిందని, ఎర్రావు ఈనిందని తెలిసి సంతోషపడ్డాను. ఈ జాబు మాత్రం బాపుతో చదివించకు. ప్రేమలత వదినతో చదివించుకో, అదీ వంటింట్లో కూర్చుని.

నీ అల్లుడి పని పర్మినెంటు అయిందా అని అడిగావు. ఇంకా కాలేదు. పత్తి మిల్లులో ఫిట్టరు పనే చేస్తున్నాడు. నేనెందుకు చిక్కిపోయానని కూడా అడిగావు. తిండి లేక కాదు అవ్వా, చాందీ వల్ల.

చాందీ తండా నుంచి వచ్చి మిల్లులో మిషన్లకు పత్తి అందిస్తుంది. నాకంటే పొడుగు, నవ్వు మొహం. ఇదివరకు వాళ్లు పనిచేసిన ఇంకో మిల్లులో, లోపల మనిషి ఉన్నాడో లేడో చూడకుండా స్విచ్చి వేస్తే ఆమె మొగుడి చెయ్యి బెల్టులో పోయిందట. అప్పటి నుంచి ఆమెది ఒకటే పట్టు. మిషన్ నడిపే ముందు స్విచ్చి దగ్గర నిలబడి పనివాళ్లందరినీ పేరు పెట్టి పిలుస్తుంది. తన పేరు విన్నవాడు బయటికి వచ్చి 'ఓ' అనాలి. అది వినపడేదాకా స్విచ్చి వేసే నర్సయ్య చెయ్యి కదలదు. పని ఆలస్యమవుతుందని గుమాస్తా సణుగుతాడు గానీ అందరికీ అలవాటైపోయింది.

మిల్లు మా ఇంటి వెనకే. పొద్దున పొయ్యి ముందు కూర్చుంటే ఆమె గొంతు గోడ దాటి వస్తుంది. మొగుడి పేరు పలికితే ఆయుస్సు తగ్గుతుందని నువ్వే కదా నేర్పావు. పెళ్లయిన నాటి నుంచి నేను 'ఇగో', 'నిన్నే' అని నెట్టుకొస్తుంటే, ఆమె మా ఆయన పేరును నోరారా పిలుస్తుంది. ఆయన నాకు ఒక్కనాడూ పలకనంత హుషారుగా 'ఓ' అంటాడు. నా కడుపు మండిపోయేది.

ఆమె పిలిస్తే పలకకపోతే ఏమవుతుందని ఒకరోజు అడిగేశాను.

"పలకకుంటే మిషన్ నడువది. గంతే," అని నవ్వి అన్నం కలుపుకున్నాడు.

ఆ నవ్వుకు ఇంకా మండింది. ఆమె గొంతు పడిపోతే బాగుండునని కోరుకున్నాను, అబద్ధం చెప్పను. నా దిష్టే తగిలిందో ఏమో, పోయిన మంగళవారం చాందీ జ్వరమొచ్చి పనికి రాలేదు.

ఆ మధ్యాహ్నం అన్నం గిన్నె తీసుకుని మిల్లుకు పోయాను. కరెంటు పోయి మిషన్లు ఆగి ఉన్నాయి. బెల్టుకు చుట్టుకున్న దూది తీయడానికి నీ అల్లుడు కిందికి దూరడం కళ్లారా చూశాను. ఇంతలో కరెంటు వచ్చింది. పత్తి బండ్లు రోడ్డు దాకా నిలబడ్డాయని గుమాస్తా తొందరపెట్టాడు. పేర్లు పిలిచే మనిషి లేదు. నర్సయ్య నేరుగా స్విచ్చి దగ్గరికి నడిచాడు.

'ఇగో, నిన్నే' అని అరిచాను. అన్నాలు తెచ్చిన ఆడవాళ్లందరూ అట్లాగే పిలుస్తారు, ఎవరూ తల తిప్పలేదు. 'ఆగు' అన్నాను. బయట బండ్లవాళ్లూ అదే మాట అరుస్తున్నారు. నర్సయ్య చెయ్యి స్విచ్చి మీద పడింది.

ఇక దాచి లాభం లేదు అవ్వా. "పురుషోత్తం" అని అరిచాను. మిల్లంతా వినపడేటట్టు.

నర్సయ్య చెయ్యి ఆగిపోయింది. పేరు వినపడితే 'ఓ' కోసం ఆగడం ఆ చేతికి అలవాటు. కాసేపటికి బెల్టు కింద నుంచి 'ఓ' అని వినపడింది. నర్సయ్య స్విచ్చి వదిలి బెల్టు దగ్గరికి ఉరికాడు. అన్నం గిన్నె నా చేతిలో లేదు, ఎప్పుడు పడిందో తెలియదు.

చాందీకి జ్వరం తగ్గి పనిలోకి వచ్చిందని తెలిసి మిల్లు గేటు దగ్గరికి పోయాను. దండం పెడదామనే పోయాను. నోట్లో నుంచి వేరే మాట వచ్చింది.

"అందరి పేర్లు నువ్వే పిలువు. గా ఒక్క పేరు మాత్రం నేను పిలుస్త," అన్నాను.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "పిలువు అక్క. కానీ దినాం రావాలె. ఒక్కనాడు నువ్వు రాకున్నా నేనే పిలుస్త," అన్నది.

ఆయుస్సు సంగతి అయ్యగారిని అడిగి రాయించు. ఏదైనా పూజ ఉంటే చేయిస్తాను. ఉగాదికి వచ్చి నాలుగు రోజులు ఉండమన్నావు. నాకూ రావాలనే ఉంది, కానీ రాలేను. ఎసరు పొయ్యి మీద వదిలేసి అయినా రోజూ మిల్లుకు పోతున్నాను. నేను మన మొగుళ్లపల్లి బస్సెక్కిన పొద్దు, ఆ పేరు ఆమె పిలుస్తుంది.

ఇట్లు,
నీ బిడ్డ
శకుంతల